ష్రాప్‌షైర్, సాలప్, ష్రూస్‌బరీ: మూడు పేర్ల వెనక ఉన్న ఒక్క మాట

ప్రశ్న ఇది: ఇంగ్లండ్‌లోని టెల్ఫర్డ్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒకరు ఇల్లు కొనబోతున్నారు. పాత దస్తావేజుల్లో ‘కౌంటీ ఆఫ్ సాలప్’ అని ఉంది (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). మ్యాపులో చూస్తే ‘ష్రాప్‌షైర్’ అని ఉంది. ఇవి రెండు కౌంటీలా, ఒకటేనా? ఒకటే అయితే పోలికే లేని రెండు పేర్లు ఎందుకు? అసలు ఆ పేరుకు అర్థం ఏమిటి, షీప్‌కీ దానికీ ఏమైనా సంబంధం ఉందా?

ముందు టెన్షన్ తీర్చేస్తాను. కౌంటీ ఒకటే. 1980కి ముందు రాసిన కాగితం మీద సాలప్ అని ఉంటే అందులో తప్పేమీ లేదు, అప్పటి సర్కారీ పేరే అది. గొర్రెల విషయానికొస్తే, ష్రాప్‌షైర్ అనే గొర్రెల జాతి నిజంగానే ఉంది. కానీ కౌంటీ పేరే గొర్రెలకు పెట్టారు, గొర్రెల వల్ల కౌంటీకి పేరు రాలేదు. ష్రూస్‌బరీలోని ‘ష్రూ’ అంటే చుంచెలుక లాంటి జంతువు కదా అని కొందరు అడుగుతారు. అదీ కాదు.

అసలు సంగతి ఏమిటంటే ష్రాప్‌షైర్, దాని ముఖ్యపట్టణం ష్రూస్‌బరీ, ఈ సాలప్, మూడూ ఒకే మాట నుంచి పుట్టాయి. పల్లె జనం నోట్లో ఒకలా, గుమాస్తాల కలం కింద ఇంకొకలా అరిగాయి, అంతే.

ఆ మాట పాత ఇంగ్లీషులోని ‘స్క్రోబ్బెస్‌బిరిగ్’. రాతలో మొదట ‘స్క్’ కనిపిస్తుంది గానీ 10వ శతాబ్దం నాటికి దాన్ని ‘ష్’ లాగే పలికేవారు. చివరి భాగంలో చిక్కేమీ లేదు. ‘బుర్హ్’ అంటే కోట కట్టిన చోటు, కనీసం మట్టికట్టయినా చుట్టూ ఉన్న ఊరు. దాని విభక్తి రూపమే ‘బిరిగ్’, అంటే ‘కోట దగ్గర’. జనం ఊరి గురించి చెప్పేటప్పుడు ఎక్కువగా ఈ రూపమే వాడేవారు కాబట్టి ఇంగ్లండ్‌లో చాలా ఊళ్ల పేర్ల చివర అది ‘బరీ’గా నిలిచిపోయింది. ష్రూస్‌బరీని చూసినవాళ్లకు ఈ ‘కోట’ ఎందుకో వెంటనే అర్థమవుతుంది. సెవర్న్ నది ఊరిని దాదాపు పూర్తిగా చుట్టి వస్తుంది, ఒక్క ఇరుకు మెడ మాత్రమే పొడినేల. ఆ మెడను కాపాడుకుంటే చాలు, ఊరు భద్రం. తరవాత 1066లో ఫ్రాన్సులోని నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్లు కట్టిన కోట కూడా సరిగ్గా ఆ మెడ మీదే ఉంది.

ఈ ఊరి పేరు రాతలో కనిపించేది 901లో. నడిమి ఇంగ్లండ్‌లోని మెర్సియా ప్రాంతాన్ని ఏలుతున్న ఏథెల్‌రెడ్, ఆయన భార్య ఏథెల్‌ఫ్లెడ్ మచ్ వెన్‌లాక్ మఠానికి ఒక దానపత్రం ఇచ్చారు. అది ఈ ఊళ్లోనే రాయించినట్టు ఆ పత్రమే చెబుతుంది. ఏథెల్‌ఫ్లెడ్ అంటే ఆల్‌ఫ్రెడ్ రాజు కూతురు. డెన్మార్క్ వైపు నుంచి దండెత్తి వచ్చిన డేన్లను అడ్డుకోవడానికి మెర్సియాలో వరసగా బుర్హ్‌లు కట్టించింది ఆమే.

చర్చంతా మొదటి భాగం మీదే. ‘స్క్రోబ్’ అంటే ఏమిటి? రెండు వివరణలున్నాయి. ఒకటి, స్క్రోబ్ అనే మనిషి ఉండేవాడు, ఇది అతని కోట అని. మధ్యలో ఉన్న ‘-ఎస్’ షష్ఠీ విభక్తి, మన ‘యొక్క’ లాంటిది. మనుషుల పేర్ల మీద పుట్టిన ఊళ్లలో ఇది మామూలుగా కనిపిస్తుంది. రెండోది, స్క్రోబ్ అంటే తుప్పలు, పొదలు, చిట్టడవి. ఇంగ్లీషులో ఇప్పటికీ వాడే ‘స్క్రబ్’, ‘ష్రబ్’ రెండూ ఆ కుటుంబంలోవే. ఆ లెక్కన ఇది తుప్పల సీమలోని కోట.

మనిషి పేరు అనే వాదానికి ఊతంగా కొందరు రిచర్డ్ ఫిట్జ్ స్క్రోబ్‌ను లాక్కొస్తారు. ఫిట్జ్ స్క్రోబ్ అంటే స్క్రోబ్ కొడుకు. ఈ నార్మన్ 1066 కంటే ముందే, ఎడ్వర్డ్ ది కన్ఫెసర్ అనే ఇంగ్లీషు రాజు రోజుల్లోనే వచ్చి ఈ సరిహద్దు ప్రాంతంలో కోట కట్టుకున్నాడు. రిచర్డ్స్ కాజిల్ అనే ఊరు ఇప్పటికీ ఉంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ, 901 నాటికే ఉన్న ఊరి పేరు నూట యాభై ఏళ్ల తరవాత వచ్చినవాడి తండ్రి వల్ల ఎలా వస్తుంది? స్క్రోబ్ అనే పేరు మనుషులకు ఉండేదని మాత్రం దీనివల్ల తెలుస్తుంది. అంతకు మించి లాగకూడదు.

తుప్పల వాదం వైపు ఉన్నవాళ్లు ఇంకో ఆధారం చూపిస్తారు. ఈ కౌంటీ జనాన్ని పాత రాతల్లో ‘స్క్రోబ్‌సెటె’ అన్నారు. ‘సెటె’ అంటే స్థిరపడి ఉంటున్నవాళ్లు. కాబట్టి స్క్రోబ్ అనేది ఒక ప్రాంతం పేరు, అక్కడ ఉండేవాళ్లు స్క్రోబ్‌సెటె అని వాళ్ల తర్కం. ఇది బలంగానే కనిపిస్తుంది కానీ డోర్సెట్, సోమర్సెట్ సంగతి చూడండి. అవీ ‘సెటె’ పేర్లే. డోర్చెస్టర్ పేరులోని మొదటి ముక్క పట్టుకుని డోర్సెట్, సోమర్టన్ పేరులోని మొదటి ముక్క పట్టుకుని సోమర్సెట్ ఏర్పడ్డాయి. అలాగే స్క్రోబ్‌సెటె కూడా ఊరి పేరుకు కత్తిరింపు కావచ్చు. అంటే ఈ ఆధారం ఎటూ తేల్చదు. నా మొగ్గు మాత్రం తుప్పల వైపే. వేల్స్ సరిహద్దులో, నది వంపులో, చుట్టూ చిట్టడవి ఉన్న చోట కోట కడితే దాన్ని ‘తుప్పల కోట’ అనడం సహజం. మనిషి పేరు అనుకుంటే ఆ మనిషెవరో చెప్పే ముక్క ఎక్కడా దొరకదు.

ఇక ‘షైర్’. పాత ఇంగ్లీషులో ‘షీర్’ అంటే ఒకరి బాధ్యతకు అప్పగించిన భాగం. షెరీఫ్ అనే మాట ‘షైర్’, ‘రీవ్’ కలిసి వచ్చిందే, షైర్ వ్యవహారాలు చూసే అధికారి అని. కౌంటీ అనేది తరవాత నార్మన్లు తెచ్చిన ఫ్రెంచి మాట. కెంట్, ఎసెక్స్, ససెక్స్ ఒకప్పుడు రాజ్యాలు కాబట్టి వాటికి సొంత పేర్లున్నాయి, చివర షైర్ తోక లేదు. పడమటి మధ్య ఇంగ్లండ్ కథ వేరు. అక్కడ 10వ శతాబ్దంలో దక్షిణాది రాజ్యమైన వెసెక్స్ రాజవంశం పాత మెర్సియాను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో బుర్హ్ పట్టణాన్ని కేంద్రంగా పెట్టింది. స్టాఫర్డ్, వూస్టర్, హెరిఫర్డ్, చెస్టర్, ష్రూస్‌బరీ, అన్నిటికీ ఊరి పేరు పక్కన షైర్ చేర్చారు. వించ్‌కూమ్ అనే ఊరికీ అలాగే వించ్‌కూమ్‌షైర్ అని ఒకటి ఉండేది. 11వ శతాబ్దం మొదట్లో దాన్ని గ్లాస్టర్‌షైర్‌లో కలిపేశారు. ఇప్పుడు ఆ పేరు చెబితే అక్కడివాళ్లలోనే చాలామందికి తెలియదు.

మన కౌంటీ పేరు మొదట కనిపించేది ఆంగ్లో సాక్సన్ క్రానికల్ అనే పాత ఇంగ్లీషు చరిత్ర గ్రంథంలో, 1006 కింద. సందర్భం ఏమంత గొప్పది కాదు. డేన్లు దక్షిణాన్ని దోచుకుంటుంటే ఏథెల్‌రెడ్ రాజు (901 నాటి ఏథెల్‌రెడ్ కాదు, తరవాత ‘అన్‌రెడీ’ అని పేరుపడ్డవాడు) థేమ్స్ దాటి ‘స్క్రోబ్బెస్‌బిరిగ్‌షీర్’కు వెళ్లి క్రిస్మస్ రోజులు అక్కడి జనం పెట్టే తిండి మీద గడిపాడని రాశారు. అంటే చరిత్రలో ష్రాప్‌షైర్ తొలిసారి కనిపించింది, కష్టాల్లో ఉన్న రాజు దూరంగా జరిగి తలదాచుకున్న చోటుగా.

ఇంత పొడవు పేరు రోజూ ఎవరు పలుకుతారు? మధ్యలో ‘బెస్‌బిరిగ్’ ఎగిరిపోయి ‘స్క్రోబ్‌షీర్’ మిగిలింది. ‘ష్’ పక్కన ఉన్న ‘బ్’ గట్టిపడి ‘ప్’ అయింది. అదే ష్రాప్‌షైర్. ఊరి పేరులో మాత్రం రెండు అచ్చుల మధ్య పడ్డ ‘బ్’ మెత్తబడి ‘వ్’ అయి, తరవాత అది అచ్చులో కలిసిపోయింది. అందుకే కౌంటీలో ‘ప్’ నిలిచింది, ఊరిలో ‘ప్’ గాని ‘బ్’ గాని మిగల్లేదు. చూడ్డానికి రెండు పేర్లకూ చుట్టరికమే లేనట్టు ఉంటుంది.

అంతకు ముందు ఈ ప్రాంతాన్ని ఏమనేవారని కూడా అడగాలి. రోమన్ల కాలంలో ఇక్కడ కోర్నోవీ అనే తెగ ఉండేది. వాళ్ల పట్టణం విరోకోనియం, ఇప్పటి రాక్సెటర్ ఊరి దగ్గర దాని శిథిలాలు చూడొచ్చు. దగ్గర్లో ఉన్న రీకిన్ కొండ పేరూ విరోకోనియం పేరూ ఒకే మూలం నుంచి వచ్చినవని పండితులు సాధారణంగా ఒప్పుకుంటారు. ఇంగ్లీషువాళ్లు వచ్చాక ఆ కొండ చుట్టుపక్కల వాళ్లను ‘రెయోకెన్‌సెటె’ అన్నారు. ట్రైబల్ హైడేజ్ అనే పాత పన్నుల జాబితాలో వాళ్ల లెక్క 7000 హైడ్‌లు (హైడ్ అంటే పన్ను కోసం వేసే భూమి లెక్క). దక్షిణాన మగోన్‌సెటె అనే ఇంకో జనం. కొత్త షైర్ గీతలు గీసినవాళ్లు ఈ రెండు పాత సీమలనూ పట్టించుకోలేదు, రెండిట్లోంచీ ముక్కలు తీసి ఒకటి చేశారు. మీకు నచ్చే సంగతి ఒకటుంది. మీరు ఉంటున్న కౌన్సిల్ పేరు ‘టెల్ఫర్డ్ అండ్ రీకిన్’. అందులో టెల్ఫర్డ్ 1968లో పెట్టిన పేరు. 1787 నుంచి ఈ కౌంటీకి సర్వేయరుగా పనిచేసిన ఇంజినీరు థామస్ టెల్ఫర్డ్ గుర్తుగా పెట్టారు. పక్కనున్న రీకిన్ మాత్రం ష్రాప్‌షైర్ అనే పేరు కంటే ఎన్నో వందల ఏళ్లు పాతది.

వెల్ష్‌వాళ్లకు ఈ ఊరు ‘అమూయ్‌థిగ్’, అంటే కోటగట్టిన చోటు. వాళ్ల పాత సంప్రదాయంలో పెన్‌గ్వెర్న్ అనే చోట ఒక రాజకొలువు ఉంది. అది ఇదే ఊరని 12వ శతాబ్దపు రచయిత జెరాల్డ్ ఆఫ్ వేల్స్ రాశాడు. పెన్‌గ్వెర్న్ ఎక్కడ అన్నదాని మీద వాదాలు ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఇప్పుడు సాలప్ దగ్గరకు వద్దాం. 1066 తరవాత ఈ సరిహద్దును నార్మన్ రాజు విలియం తన నమ్మకస్థుడు రోజర్ ఆఫ్ మాంట్‌గోమరీ చేతిలో పెట్టాడు. 1086లో భూములు, పన్నుల లెక్క రాయించిన డూమ్స్‌డే బుక్ చూస్తే ఇక్కడి జనం గోడు వినిపిస్తుంది. ఎడ్వర్డ్ రాజు కాలంలో ఊళ్లో 252 ఇళ్లుండేవి. వాటిలో 51 ఇళ్ల స్థలం కోటకే పోయింది, ఇంకో 50 పాడుబడ్డాయి, 43 ఇళ్లు ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నాయి. పన్ను మాత్రం పాత లెక్క ప్రకారమే మొత్తం కట్టమంటున్నారు, ఇది మాకు చాలా భారం అని ఇంగ్లీషు పౌరులు మొరపెట్టుకున్నారు. పన్నుల గుమాస్తాల ముందు పెట్టిన ఇలాంటి ఫిర్యాదు డూమ్స్‌డేలోకి ఎక్కడమే విశేషం.

ఆ గుమాస్తాలకు ఈ పేరు పెద్ద తలనొప్పి. అప్పటి ఫ్రెంచిలో ‘ష్’ అనే ధ్వని లేదు, ‘ష్ర్’ అని రెండు హల్లులు కలిపి మొదలుపెట్టడం అసలే రాదు. అందుకని మధ్యలో ఒక అచ్చు దూర్చారు. డూమ్స్‌డేలో ‘సిరోపెస్‌షిరె’ అని ఉంది. ఆ తరవాత ఇంకో మలుపు. ఒకే పేరులో రెండు ‘ర’లు వస్తే ఒకదాన్ని ‘ల’ చేసేయడం నార్మన్ ఫ్రెంచికి అలవాటు. అలా సిరోప్ కాస్తా ‘సలోప్’ అయింది, అదే ఇప్పుడు ‘సాలప్’ అని పలికే మాట. 11వ శతాబ్దం చివరి నుంచి ‘సలోపెస్‌బరీ’, ‘సలోపెసిర’ లాంటి రూపాలు రాతల్లో కనిపిస్తాయి. ఇది ఈ ఒక్క ఊరికే జరగలేదు. పాత ఇంగ్లీషు ‘సేరోబిరిగ్’ ఇదే పద్ధతిలో ‘ర’ పోయి ‘ల’ వచ్చి సాల్స్‌బరీ అయింది. నాటింగ్‌హామ్ ఒకప్పుడు ‘స్నోటింగహామ్’, మొదటి ‘స్’ నార్మన్ నోటికి పట్టక రాలిపోయింది. డన్‌హోమ్ డరమ్‌గా, గ్రాంటెబ్రిజ్ కేంబ్రిడ్జ్‌గా మారడంలోనూ వాళ్ల చెయ్యి ఉంది. నాటింగ్‌హామ్‌వాళ్లు మాత్రం ఈ విషయంలో నార్మన్లకు రుణపడి ఉండాలి. స్నోట్ అనేది వాళ్ల ఊరి మూలపురుషుడి పేరు, ఇంగ్లీషులో ‘స్నాట్’ అంటే చీమిడి.

మిగతా చోట్ల నార్మన్ రూపం గెలిచి పాత రూపం పోయింది. ఇక్కడ రెండూ బతికాయి, సాలప్ కథలో ప్రత్యేకత అదే. కారణం సులువే. జనం ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారు, రికార్డులు లాటిన్‌లో నడిచాయి. ష్రూస్‌బరీ దగ్గర 1075లో పుట్టిన చరిత్రకారుడు ఆర్డెరిక్ విటాలిస్‌ను తీసుకోండి. తండ్రి ఫ్రాన్సు నుంచి రోజర్ కొలువుకు వచ్చిన పురోహితుడు, తల్లి ఇంగ్లీషు మనిషి. పదేళ్ల పిల్లవాడిగా నార్మండీ మఠానికి పంపిస్తే, అక్కడి భాష తనకు ఒక్క ముక్క అర్థం కాలేదని ఆయనే రాసుకున్నాడు. దొర కొలువులో పనిచేసే తండ్రి ఇంట్లోనే పిల్లవాడు ఇంగ్లీషు తప్ప ఇంకోటి నేర్వకపోతే, మామూలు రైతు సలోప్ అని ఎందుకంటాడు? రైతు పాత పేరు పలికాడు, ఖజానా చుట్టల్లో గుమాస్తా ‘సలోప్’ అని కత్తిరించి రాసుకున్నాడు. లాటిన్ సొగసు అద్దితే ‘సలోపియా’. కౌంటీ చిహ్నం కింద నినాదం ‘ఫ్లోరియట్ సలోపియా’, సలోపియా వర్ధిల్లాలి అని. హ్యాంప్‌షైర్‌ను హాంట్స్ అనడం, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌ను ఆక్సన్ అనడం కూడా ఈ రాతకోతల వారసత్వమే. సాలప్ అనేది కౌంటీకే కాదు, ష్రూస్‌బరీ పట్టణానికీ వాడేవారు. పాత మైలురాళ్ల మీద ‘సాలప్’ కనిపిస్తే అది పట్టణానికి దూరం చెబుతున్నట్టు.

1889లో కౌంటీ కౌన్సిళ్లు పెట్టినప్పుడు దస్తావేజుల పేరే తీసుకుని ‘సాలప్ కౌంటీ కౌన్సిల్’ అన్నారు. 1974 ఏప్రిల్ 1న స్థానిక సంస్థలను తిరగరాసినప్పుడు కౌంటీ పేరును కూడా సాలప్ అనే ఖాయం చేశారు. జనానికి ఇది నచ్చలేదు. వాళ్ల నోట్లో అది ఎప్పుడూ ష్రాప్‌షైరే. ఆరేళ్లకు, 1980 ఏప్రిల్ 1న, పేరు తిరిగి ష్రాప్‌షైర్ అయింది. దీని చుట్టూ ఒక జోకు తిరుగుతూ ఉంటుంది. ఫ్రెంచిలో ‘సలోప్’ అంటే ఆడవాళ్లను తిట్టే బూతు. 1979లో ఐరోపా పార్లమెంటుకు మొదటి ఎన్నికలు జరిగినప్పుడు ఇక్కడి నియోజకవర్గం పేరు ‘సాలప్ అండ్ స్టాఫర్డ్‌షైర్’. అక్కడి ఫ్రెంచి సభ్యుల ముఖాలు ఊహించుకోండి. పేరు మార్చడానికి ఇదే కారణమని చాలామంది చెబుతారు. నన్నడిగితే బూతు లేకపోయినా పేరు మారేదే. ఎవరూ పలకని పేరును నోటీసు బోర్డు మీద ఎంతకాలం నిలబెడతారు?

మనవైపు నుంచి చూస్తే ఈ కౌంటీ అంత పరాయిదేమీ కాదు. రాబర్ట్ క్లైవ్ 1725లో ఇక్కడే, మార్కెట్ డ్రేటన్ దగ్గర పుట్టాడు. 1761 నుంచి చనిపోయేదాకా ష్రూస్‌బరీ ఎంపీ. 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం దగ్గర ఉత్తర సర్కారులకు ఫర్మానా తీసుకున్నది ఆయనే. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా కోస్తా అంతా అందులోదే. ఆయన కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్ మద్రాసు గవర్నరుగా ఉండగా, 1800లో నిజాం దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. ఆ దత్త మండలాలే తరవాతి రాయలసీమ. క్లైవ్ విగ్రహం ష్రూస్‌బరీ నడిబొడ్డున ఉంది. తీసేయాలని 2020లో గొడవ జరిగింది కానీ కౌన్సిల్ ఉంచేసింది. ఆ కంపెనీ దొరల కాగితాల్లోనే మన శ్రీకాకుళం చికాకోల్‌గా, విశాఖపట్నం విజగపటంగా తయారయ్యాయి. చికాకోల్ పోయింది. వైజాగ్‌ను మాత్రం మనవాళ్లే ముద్దుపేరుగా ఉంచేసుకున్నారు. సాలప్‌కు పట్టిన గతి కూడా వైజాగ్ లాంటిదే. సర్కారీ పేరుగా వద్దన్నవాళ్లే ఫుట్‌బాల్ మైదానంలో ష్రూస్‌బరీ టౌన్ జట్టు కోసం ‘సాలప్, సాలప్’ అని అరుస్తారు. ఈ కౌంటీ మనిషిని ‘సలోపియన్’ అంటారు. దానికి ఇంకో మాట వాడుకలో లేదు. అన్నట్టు, పుణె బేకరీల్లో దొరికే ష్రూస్‌బరీ బిస్కెట్ పేరూ ఈ ఊరిదే.

చివరగా పలుకుబడి, కొత్తగా వచ్చారు కాబట్టి. ఊరిని కొందరు ‘ష్రోజ్‌బరీ’ అంటారు, కొందరు ‘ష్రూజ్‌బరీ’ అంటారు. ఈ తగవు ఊళ్లోవాళ్ల మధ్యే ఉంది, కాబట్టి ఏది అన్నా ఎవరో ఒకరు సరిదిద్దుతారు. చరిత్ర ప్రకారం ‘ష్రో’ పాతది. ‘ఈడబ్ల్యూ’ అక్షరాలు ఒకప్పుడు ‘ఓ’ ధ్వనికి కూడా వాడేవారు. ‘కుట్టడం’ అనే అర్థంలో ఉన్న ‘సో’ మాటను ఇప్పటికీ అలాగే రాస్తున్నారు. ఆ సంగతి మరిచిపోయి అక్షరాలను చూసి చదివినవాళ్ల వల్ల ‘ష్రూ’ వ్యాపించింది. కౌంటీ పేరులో మాత్రం చివర ‘షైర్’ అని సాగదీయకండి. అక్కడివాళ్లు ‘ష్రాప్‌షర్’ అని తేల్చేస్తారు.